మోడరేటర్ల నిర్ణయాలపై సభ్యులకు నమ్మకం కుదరాలంటే ఏం చేయాలి?

ప్రశ్న:
మా ఆన్‌లైన్ చర్చాబృందంలో దాదాపు 4 వేల మంది సభ్యులున్నారు, పోస్టులను పర్యవేక్షించే మోడరేటర్లం ముగ్గురమే. రెండేళ్లుగా ఓపికగా కొత్తవారి సందేహాలు తీరుస్తూ వచ్చిన ఒక సభ్యుడి జవాబును పోయిన నెల నేను తొలగించాను. అందులో "మీకు ఓనమాలు కూడా తెలియవు" అన్న ఒక్క వాక్యం తప్ప మిగిలినదంతా పనికొచ్చే సమాచారమే. ఆయనకు వెళ్లిన సందేశంలో మాత్రం "నియమాల ఉల్లంఘన" అన్న రెండే మాటలున్నాయి. ఆ రోజు నుంచి ఆయన రాయడం మానేశారు. నియమం ప్రకారం నేను చేసింది సరైనదే అయినా మనసు ఒప్పుకోవడం లేదు. నియమాలు పెంచాలా, మోడరేటర్లను పెంచాలా, లేక మా పద్ధతే మార్చుకోవాలా?

జవాబు 1:
ముందుగా పద్ధతి మార్చండి. ఏ వాక్యం అభ్యంతరకరమో, అది ఏ నియమానికి విరుద్ధమో, ఏం సవరిస్తే పోస్టు తిరిగి కనిపిస్తుందో చెప్పకుండా తొలగిస్తే, ఎంత మంచి సభ్యుడైనా దాన్ని అవమానంగానే తీసుకుంటారు. ఆన్‌లైన్ వేదికలు నడిపే పెద్ద సంస్థలను ఉద్దేశించి 2018లో వెలువడిన శాంటా క్లారా సూత్రాలు కోరినవి మూడే: తొలగింపుల లెక్కలు బయటపెట్టడం, సభ్యుడికి కారణం తెలపడం, అప్పీలుకు అవకాశమివ్వడం. చిన్న బృందాలకు వీటిలో రెండవదే ప్రాణమని నా అభిప్రాయం. "మీ జవాబులోని మూడవ వాక్యం వ్యక్తిని కించపరుస్తోంది, దాన్ని తీసేస్తే మిగతాది యథాతథంగా ఉంచుతాము" అని రాయడానికి ఒక్క నిమిషం చాలు.

జవాబు 2:
పై సలహా మంచిదే కానీ, ముగ్గురే అన్నీ చదివి, అన్నిటికీ కారణాలు రాయాలంటే కొన్నాళ్లకు విసిగిపోతారు. కొంత భారం సభ్యులకు పంచండి. చర్చావేదికలు నడపడానికి వాడే డిస్కోర్స్ సాఫ్ట్‌వేర్‌లో సభ్యుల ఫ్లాగులు (అభ్యంతరం తెలిపే గుర్తులు) తగినన్ని పడితే పోస్టు తాత్కాలికంగా మరుగున పడుతుంది. రాసినవారు దాన్ని సవరిస్తే మళ్లీ కనిపిస్తుంది. మీ సభ్యుడి విషయంలో సరిగ్గా ఇదే కావలసింది. అయితే నచ్చని అభిప్రాయాన్ని అణచడానికి కూడా కొందరు ఫ్లాగులు వాడతారు కాబట్టి, తుది నిర్ణయం మోడరేటరు చేతిలోనే ఉండాలి. సాంకేతిక వార్తల చర్చా సైటు స్లాష్‌డాట్ వారు 1999లోనే మోడరేషన్ న్యాయంగా జరిగిందో లేదో ఇతర సభ్యులు పరిశీలించే పద్ధతి పెట్టింది ఇలాంటి అనుమానంతోనే.

జవాబు 3:
పోస్టును తొలగించినవారే దానిపై వచ్చిన అప్పీలును వినకూడదు. వికీపీడియాలో వివాదంలో భాగమైన నిర్వాహకుడు ఆ వివాదంలో తన అధికారాలు వాడకూడదన్న కట్టుబాటు ఉంది. మీరు ముగ్గురున్నారు కాబట్టి ఒకరి నిర్ణయాన్ని మరొకరు చూడవచ్చు. నియమాల విషయానికొస్తే, కొలవగలిగిన నియమం తగవును తగ్గిస్తుంది. ఆంగ్ల వికీపీడియాలో ఒకే పేజీలో ఇతరుల మార్పులను 24 గంటల్లో మూడుసార్లకు మించి రద్దు చేయరాదు. అక్కడ లెక్కపెట్టడమే తప్ప ఊహకు తావు తక్కువ. "మర్యాదగా ఉండండి" అన్నదాన్ని ఎవరి కొలతతో వారు కొలుస్తారు. కనుక దాని కింద రెండు మూడు ఉదాహరణలైనా రాయండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. ఆయనకు ఈరోజే క్షమాపణ చెబుతూ, కారణం వివరిస్తూ రాస్తాను. ఆ ఒక్క వాక్యాన్ని నేనే తీసేసి జవాబును తిరిగి పెట్టవచ్చా?

జవాబు 1:
దయచేసి అలా చేయకండి. ఆయన పేరుతో ఉన్న మాటలను ఆయన మాత్రమే మార్చాలి. పూర్తి పాఠాన్ని ఆయనకే పంపి, సవరించి పెట్టమని అడగండి.