ఈ సోషల్ మీడియా సైట్లు ఇంకా పెరుగుతాయా, మనలాంటోళ్ళకి వీటిలో చోటుంటుందా?

రాయగడ_స్టూడియో:
అందరికీ నమస్కారం. మాది రాయగడ, చిన్న ఫోటో స్టూడియో ఉంది, దాంతోపాటు ఊరి పేజీ ఒకటి నడుపుతున్నా, తెలుగూ ఒడియా కలిపే రాస్తాం. కరెంటు ఎప్పుడు తీస్తారు, విశాఖ ట్రైన్ ఎంత లేటు, ఎవరి ఆవు తప్పిపోయింది, ఇలాంటివే. మొన్న చైత్ర జాతరలో మజ్జిగౌరమ్మ గుడి దగ్గర పూజారి నిప్పుల మీద నడుస్తున్న ఫోటో పెట్టా, మంచి ఫోటో అండీ, కాళ్ళకింద ఎర్రటి బొగ్గులు, చుట్టూ జనం చేతులెత్తి ఉన్నారు, గంట తిరక్కుండానే హింసాత్మకం అని తీసేశారు. సైటు పేరెందుకులెండి, అన్నీ ఒకటే. అప్పట్నుంచి ఏం పెట్టినా ఎవరికీ కనపడట్లేదు, ఎవడో పిచ్చి గంతులేసిన రీల్ మాత్రం ఊరంతా తిరుగుతోంది. మా అక్క కొడుకేమో "మావా అది ముసలోళ్ళ సైటు" అంటాడు. ఇప్పుడు డౌటేటంటే, ఇంకో కుర్రాణ్ణి జీతానికి పెట్టి పేజీ పెంచుదామనుకుంటున్నా, వచ్చే ఐదేళ్ళలో అసలీ సైట్లు పెరుగుతాయా, లేక చేతులు కాల్చుకుంటానా? తెలిసినోళ్ళు చెప్పండి.

బరంపురం_పాతకాపు:
తమ్ముడూ, సైట్లు పోవడం కొత్తేం కాదు. ఆర్కుట్ 2004లో వచ్చింది, మా బ్యాచ్ మొత్తం అందులోనే ఉండేది, స్క్రాప్‌లు రాసుకుంటా తెల్లార్లూ నెట్ సెంటర్‌లో కూర్చునేవాళ్ళం, 2014 సెప్టెంబర్ 30న మూసేశారు. మైస్పేస్‌ని 2005లో 58 కోట్ల డాలర్లు పోసి కొన్నారు, 2011లో అమ్మినప్పుడు వచ్చింది మూడున్నర కోట్లు. గూగుల్ ప్లస్ అంత పెద్ద కంపెనీది అయ్యుండీ 2019లో కట్టేశారు.

కానీ ఇప్పుడు తేడా ఏంటంటే ఫేస్‌బుక్ వాళ్ళు 2012లో ఇన్‌స్టాగ్రామ్, 2014లో వాట్సాప్ కొనేసుకున్నారు, అంటే మీ మేనల్లుడు ముసలోళ్ళ సైటని పారిపోయినా వెళ్ళి పడేది అదే ఆసామి దొడ్లోనే. 2021 చివర్లో ఫేస్‌బుక్‌కి రోజూ వచ్చేవాళ్ళు మొదటిసారి కాస్త తగ్గారు, ఆ లెక్క 2022 ఫిబ్రవరిలో బయటికొచ్చిన మర్నాడే షేరు పావు వంతు పైగా పడిపోయింది. తర్వాత కోలుకుంది లెండి, 2023 నాటికి నెలకి 300 కోట్ల మంది. అయితే ఇంకా కొత్త జనం ఎక్కడ్నించి వస్తారు? అందుకే ఉన్నోళ్ళ టైమ్ మీద పడ్డారు. మనం ఫాలో అయినోళ్ళ పోస్టులు పక్కన పెట్టి ముక్కూ మొహం తెలీనోళ్ళ రీల్స్ తోస్తున్నారు. టిక్‌టాక్‌ని 2020 జూన్‌లో మన దేశంలో ఆపేశారు, దాని పద్ధతి మాత్రం అందరూ నేర్చేసుకున్నారు. మీ పేజీకి దెబ్బ అక్కడే.

పర్లాకిమిడి_మాస్టారు:
పాతకాపు గారు చెప్పింది నిజమే గానీ బాబూ, నీ ఫోటో సంగతి వేరు. కొత్త జనం ఎక్కడ్నించి అంటే మన దగ్గర్నించే. 2016లో జియో వచ్చాక మా గజపతి జిల్లాలో పశువుల్ని కాసే గుంటడి చేతిలో కూడా ఫోనుంది. మరి డబ్బు? 2023 చివరి లెక్కలు చూడు, ఫేస్‌బుక్‌కి అమెరికా, కెనడాల్లో ఒక్కో మనిషి మీద వచ్చేదాంట్లో ఆసియా మనిషి మీద పదో వంతు కూడా రాదు. జనం ఇక్కడ, ఆదాయం అక్కడ. అందుకని మన భాషలు తెలిసినోళ్ళని జీతమిచ్చి పెట్టుకోడానికి వాళ్ళకి చెయ్యి రాదు, మొదట మిషనే చూస్తుంది. ఆ మిషన్‌కి నిప్పుల గుండం అంటే మంట, మనిషి, ప్రమాదం, అంతే. మయన్మార్‌లో ఇలాగే బర్మా భాష చదివేవాళ్ళు సరిపడా లేక విద్వేషం పెచ్చుమీరాక, 2018లో కంపెనీయే తాము చెయ్యాల్సినంత చెయ్యలేదని ఒప్పుకుంది.

మన వైపు ఇంకా గందరగోళం. ఒడియా మాటని తెలుగు అక్షరాల్లో రాస్తాం, తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొడతాం, ఒకే కామెంట్లో రెండూ ఉంటాయి. సవర గిరిజనుల సంగతి చెప్పనక్కర్లేదు, వాళ్ళకి 1936లో మంగేయి గొమాంగో చేసిన లిపి ఉంది, 2012లో కంప్యూటర్లూ ఫోన్లూ వాడే అక్షరాల పట్టీ, అదే యూనికోడ్, దాన్లోకీ వచ్చింది, అయినా ఆ లిపిలో ఎవడైనా బూతు రాస్తే పట్టుకునేవాడెవడు, మంచి మాట రాస్తే తీసెయ్యకుండా కాపాడేవాడెవడు? గిడుగు రామమూర్తి గారు మా పర్లాకిమిడిలోనే ఉండి సవర నేర్చుకున్నారు, నిఘంటువు కట్టారు, అంత ఓపిక ఈ కంపెనీలకి లేదు. సైట్లు పెరుగుతాయి, అనుమానం లేదు. మనల్ని పట్టించుకుంటాయా అన్నదే ప్రశ్న.

సిరోంచ_పోరడు:
మాది గడ్చిరోలి దిక్కు, సిరోంచ. మాకు గిదే కథ, ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ, అడవి దిక్కు పోతే మాడియా గోండి. నేను చెప్పేదేందంటే జనం బయట పోస్టులు పెట్టుడు బంద్ చేసిన్రు అన్నా, అంతా గ్రూపులల్లకే పోతున్రు. మా ఊర్ల పెండ్లి అయినా సావు అయినా వాట్సాప్ గ్రూపులనే తెలుస్తది. గని గ్రూపుల అబద్ధం పడితే ఎవ్వడు ఆపలేడు. 2018ల పిల్లలను ఎత్తుకపోయేటోళ్ళు వచ్చిన్రని ఆడియోలు తిరిగి ఎంత మందిని కొట్టి సంపిన్రో యాదికుందా? గా యేడు జులైలనే ఫార్వర్డ్ ఐదుగురికే అని లిమిట్ పెట్టిన్రు. లోపల ఏముందో కంపెనీకే కనవడదు, లాక్ ఉంటది, గది మంచిదే, గని పుకారుకు సుత అదే లాక్.

మన దేశపుది మన భాషల సైటు ఉంటే మంచిగుండు అనేటోళ్ళకు ఒక్క మాట, కూ యాప్ గట్లనే వచ్చింది 2020ల, తెలుగు గూడ ఉండె, పైసలు పుట్టక 2024 జులైల మూసేసిన్రు.

జైపూర్_వాణి:
మధ్యలో ఓ మాట, పిల్లల గురించి ఎవరూ అనలేదే. ఆస్ట్రేలియాలో 16 ఏళ్ళలోపు పిల్లలకి అకౌంట్లే వద్దన్నారు, 2025 డిసెంబర్ 10 నుంచి అమల్లోకి వచ్చింది. మన 2023 డేటా చట్టంలో కూడా 18 లోపు పిల్లల వివరాలు వాడాలంటే తల్లో తండ్రో ఒప్పుకోవాలని ఉంది. మా ఇంట్లోనేమో ఒకే ఫోను, నా పేరు మీదే, మా వాడు దాన్లోనే చూస్తాడు, ఇక ఎవడి వయసు ఎవడు కనిపెడతాడు చెప్పండి? కుర్రాళ్ళ లెక్క నమ్ముకుని ఐదేళ్ళ ప్లాన్ వెయ్యకండి అన్నా.

రాయగడ_స్టూడియో:
అందరికీ థాంక్స్. మాస్టారూ, మిషన్ అన్నారు కదా, నిజమే, అప్పీల్ నొక్కితే రెండు నిమిషాల్లో కాదని వచ్చింది, మనిషైతే అంత స్పీడుగా చూస్తాడా. ఇంకేం దారి లేదా?

బరంపురం_పాతకాపు:
ఉంది. 2021 ఐటీ రూల్స్ ప్రకారం ప్రతి సైటూ ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ పేరూ మెయిలూ పెట్టాలి, ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి, మొదట్లో 15 రోజుల్లో తేల్చాలన్నారు, 2026లో దాన్ని 7 రోజులకి తగ్గించారు. అక్కడా కాదంటే కేంద్రం పెట్టిన అప్పీల్ కమిటీ ఉంది, 30 రోజుల్లోపు ఆన్‌లైన్‌లోనే వెయ్యొచ్చు, ఫీజు లేదు. ఫోటో కింద అది జాతర ఆచారం అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రెండు ముక్కలు రాసి పంపు. కుర్రాడి జీతం మాటకొస్తే, ఆ డబ్బుతో ముందు నీ కస్టమర్ల నంబర్లన్నీ ఒక పుస్తకంలో రాయించు. పేజీ వాళ్ళది, నంబర్లు నీవి.

సిరోంచ_పోరడు:
నంబర్లు రాసుడు సరే, అడగకుండ గ్రూపుల కలుపకు తమ్మీ, మా దిక్కు గట్ల కలిపితే సగం మంది ఎల్లిపోయిన్రు.

రాయగడ_స్టూడియో:
ఆఫీసర్‌కి ఇప్పుడే మెయిల్ కొట్టా, 24 గంటల్లో ఏమంటారో ఇక్కడే పెడతా. కుర్రాడికి ఫుల్ జీతం వద్దులే, పెళ్ళిళ్ళ సీజన్ వరకు సగం పూట రమ్మంటా, ఒడియా రాయడం మాత్రం వచ్చుండాలి. ఎవరైనా ఉంటే చెప్పండి.