800 డాలర్లలో బ్లూగ్రాస్‌కు తగిన మాండొలిన్ ఏది?

నమస్కారం. నేను నార్త్ కరొలైనాలో ఉంటాను. యు. శ్రీనివాస్ గారి ఎలక్ట్రిక్ మాండొలిన్ వింటూ పెరిగిన నాకు, ఇక్కడి బ్లూగ్రాస్ (అమెరికా జానపద సంగీతంలో ఒక శైలి) బృందాల్లో డ్రమ్ము లేని లోటు తీర్చే ఆ మాండొలిన్ ‘చాప్’ దెబ్బ (తీగలు మీటి వెంటనే ఆపేసే చప్పుడు) వినగానే మనసు అటు లాగేసింది. ఇప్పుడు సొంతంగా ఒకటి కొనాలి. ఖర్చు మాత్రం 800 డాలర్లు దాటకూడదు.

బ్లూగ్రాస్‌కు ఆద్యుడైన బిల్ మన్రో వాయించిన 1923 నాటి గిబ్సన్ ఎఫ్-5కు ఒంటి మీద చుట్టలా చెక్కి ఉన్న వంకీ ఎంతో అందం. కానీ దానివల్ల నాదం పెద్దగా మారదు, చెక్కుడు పనికి ధర మాత్రం బాగా పెరుగుతుంది. అందుకే వంకీ లేని ఏ-స్టైల్ వైపే మొగ్గుతున్నాను. చెక్కిన స్ప్రూస్ పైపలక, ఎఫ్ ఆకారపు రంధ్రాలు ఉండి తీరాలి. ప్లైవుడ్ వద్దే వద్దు.

వెతగ్గా వెతగ్గా ఈస్ట్‌మన్ ఎండీ-305, కెంటకీ కేఎం-150 దగ్గర ఆగాను. రెండూ వాయించినవారు దయచేసి చెప్పండి: నలుగురైదుగురు కలిసి వాయించేటప్పుడు, బాంజో పక్కన దేని చాప్ స్పష్టంగా వినిపిస్తుంది? ఇదే నాకు అన్నిటికంటే ముఖ్యం.

కొన్నాక బ్రిడ్జి (పైపలక మీద తీగలను మోసే చెక్క) ఎత్తు, నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) గాడులు సరిచేయించడానికి ఎంత పక్కన పెట్టుకోవాలి? లేక ఇదే డబ్బుకు వాడినది కొనడం మేలా? అలాగైతే మెడ వంగిందేమో, పైపలక కుంగిందేమో కొనేముందు ఎలా చూసుకోవాలో కూడా చెప్పగలరు.