పటిక స్ఫటికం సెంటీమీటరు దాటగానే తెల్లగా మసకబారుతోంది, ఎలా ఆపాలి?

400 మి.లీ. వేడినీళ్లలో 80 గ్రాముల పటిక పొడి కరిగించి, రాత్రంతా చల్లార్చి, అడుగున పేరుకున్నది పోయేలా పల్చని నూలుగుడ్డలో వడగట్టిన ద్రావణం ఇది. అందులో 4 మి.మీ. విత్తన స్ఫటికాన్ని సన్నటి నైలాన్ దారంతో వేలాడదీసి, గాజు సీసా మూతికి కాగితం కప్పాను. (నూలుదారం వద్దు, దాని పీచుల వెంట చిన్న స్ఫటికాలు గుంపులుగా పుడతాయి.)

మొదటి వారం ఎనిమిది ముఖాలూ అద్దంలా ఉన్నాయి. తర్వాత పొరలు పొరలుగా తెలుపు.

అనుమానం ఉష్ణోగ్రత మీదే. 100 మి.లీ. నీటిలో పటిక 20 డిగ్రీల దగ్గర సుమారు 14 గ్రాములు కరిగితే, 50 దగ్గర 37 గ్రాముల దాకా కరుగుతుంది. అందుకే పగటి వేడికి అంచులు కరిగి, రాత్రి చలికి వేగంగా పెరిగి, మధ్యలో ద్రావణపు బుడగలు చిక్కుకుంటున్నాయేమో.

థర్మోకోల్ పెట్టెలో పెడితే ఈ తేడా సరిపడా తగ్గుతుందా? మసకబారిన పొరను తడిగుడ్డతో తుడిచి కరిగించి, అదే స్ఫటికాన్ని మళ్లీ పెంచవచ్చా? కిరాణా పటిక పొటాషియందో అమ్మోనియందో ఇంట్లోనే తేల్చుకోవడానికి, చిటికెడు పొడిలో తడి సున్నం కలిపి ఘాటు వాసన చూస్తే చాలా? పెంచి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.