కోరింగలో పక్షులను చూపించడానికి సలహా కావాలి

అమలాపురంలో ఉంటూ, ఉద్యోగరీత్యా వారంలో ఎక్కువ రోజులు విశాఖపట్నం, విజయవాడల మధ్య తిరిగే నేను, ఇంట్లో ఉండే ఆదివారం ఉదయాలను ఎనిమిదేళ్ల మా అమ్మాయితో కాలువ గట్ల వెంట పక్షులను చూడటానికే కేటాయించుకున్నాను. లకుముకి పిట్టలను, నీటికాకులను, నత్తగుల్ల కొంగలను తనే గుర్తుపట్టి చూపిస్తుంది. ఈ ఆసక్తిని నిలబెట్టడం నాకెంతో ముఖ్యం. వలస పక్షులు వచ్చే శీతాకాలంలో కాకినాడ దగ్గరి కోరింగ అభయారణ్యానికి తీసుకువెళ్లాలనుకుంటున్నాను. పోటు వేళ పక్షులు మేత వెతుక్కునే బురద మేటలు మునిగిపోతాయి కనుక, నీరు తీయడం మొదలైన ఎంతసేపటికి అక్కడికి చేరుకోవడం మంచిది? మడచెట్ల మధ్యనున్న చెక్క వంతెన మేలా, పడవ మేలా? పిల్లల చేతికి 8×42 బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపే, ముందు కటకం 42 మి.మీ. ఉండేది) బరువవుతుందేమోనని, కటకం చిన్నదైన 8×32 వైపు మొగ్గుతున్నాను. వాడినవారు దయచేసి తెలియజేయగలరు.