'చెక్ కంప్లీట్' అన్నదానికి తెలుగులో ఏమనాలి?

రాజాం నుంచి (చర్చ మొదలుపెట్టినవారు):

అందరికీ నమస్కారం. సంక్రాంతి రోజుల్లో మా చుట్టుపక్కల ఊళ్ళలో జరిగే ఫుట్‌బాల్ పోటీలకు నేను మైకులో తెలుగు కామెంటరీ చెబుతుంటాను. ఈసారి కుర్రాళ్ళు గోల్ పోస్టు పక్కన స్టాండు వేసి ఫోను పెడదామనుకుంటున్నారు. గోల్ మీద తగాదా వస్తే ఒకరు వీడియో చూసి రిఫరీకి చెబుతారు. పెద్ద పోటీల్లో వీడియో చూసేవాళ్ళు 'చెక్ కంప్లీట్' అంటారు కదా, దానికి మంచి తెలుగు మాట ఇవ్వండి అని నన్నడిగారు.

నేను ఇంకా ఇవ్వలేదు. ఎందుకంటే ఆ రెండు మాటల వల్లే ఒక న్యాయమైన గోల్ పోయింది.

2023 సెప్టెంబర్ 30. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో టోటెన్‌హామ్, లివర్‌పూల్ మ్యాచ్. ఇంకా ఎవరూ గోల్ చేయలేదు. లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ బంతిని నెట్‌లోకి కొట్టాడు. లైన్స్‌మన్ జెండా ఎత్తాడు, ఆఫ్‌సైడ్ అని, అంటే సహచరుడు బంతి తన్నిన క్షణంలో ఉండకూడనంత ముందున్నాడని. వీడియో గదిలో గీతలు గీసి చూశారు. డియాజ్ ఆఫ్‌సైడ్‌లో లేడు. అంటే గోల్ ఇవ్వాలి. కానీ గదిలో ఉన్న రిఫరీ, మైదానంలో ముందే గోల్ ఇచ్చేశారనుకున్నాడు. అందుకే 'చెక్ కంప్లీట్' అన్నాడు. మీరిచ్చిన గోల్ సరైనదే అని ఆయన ఉద్దేశం. మైదానంలో ఉన్నవాళ్ళకు మాత్రం మీరిచ్చిన ఆఫ్‌సైడ్ సరైనదే అని అర్థమైంది. టోటెన్‌హామ్ వాళ్ళు ఫ్రీకిక్ కొట్టేశారు. రీప్లే నడిపే ఉద్యోగి ఆ వెంటనే తేడా గుర్తించాడు, చెప్పాడు కూడా. కానీ ఆట ఒకసారి తిరిగి మొదలైతే అలాంటి నిర్ణయం మార్చడానికి నియమం ఒప్పుకోదు. లివర్‌పూల్ 2-1తో ఓడింది. తర్వాత ఆ సంభాషణ ఆడియోను బయటపెట్టారు. ఎవరైనా వినవచ్చు.

కెమెరా తప్పు చేయలేదు. గీతలు తప్పు గీయలేదు. మాట తప్పింది. మన వ్యాకరణం లెక్కన చూస్తే అందులో క్రియ ఉంది, కర్మ లేదు. చూడడం అయిపోయింది, సరే. చూస్తే ఏం తేలింది?

కాబట్టి నేను మాటకు మాట అడగడం లేదు. విన్నవాడు తప్పుగా అర్థం చేసుకునే వీలే లేని తెలుగు మాట కావాలి.

చీపురుపల్లి నుంచి, తెలుగు మాస్టారు:

మంచి ప్రశ్న వేశావు బాబూ. 'సరిచూశాం' అనేది మొదట తోచే మాట. కానీ నువ్వు చెప్పిన లోపమే దీనికీ ఉంది. సరిచూడడం పని, ఫలితం కాదు. 'సరిపోయింది' అంటే మరీ ప్రమాదం. కుదిరిందని ఒక అర్థం, చాలని ఇంకో అర్థం, ఏదైనా చెడిపోయినప్పుడు కూడా 'సరిపోయింది' అనే అంటాం.

నా మాట వింటే 'చెల్లు' ధాతువును తీసుకో. ఓటు చెల్లుతుంది, చెల్లదు. నోటు చెల్లుతుంది, చెల్లదు. గోల్ కూడా అంతే. 'గోల్ చెల్లుతుంది', 'గోల్ చెల్లదు'. పత్రికల వాళ్ళు 'గోల్‌ను అనుమతించారు', 'నిరాకరించారు' అని రాస్తున్నారు. వాటికంటే ఇది మన నోటికి దగ్గరైన మాట.

రాజాం నుంచి:

మాస్టారూ, 'చెల్లదు' మాట నాకు చాలా నచ్చింది. మైకులో ఇకనుంచి అదే వాడతాను. కానీ వీడియో చూసేవాడి నోట ఆ మాట పెట్టడానికి ఒక ఇబ్బంది ఉంది.

తెలుగులో అవునా కాదా అన్నది మాట చివర ఉంటుంది. చెల్లుతుంది, చెల్లదు. దాటింది, దాటలేదు. తగిలింది, తగల్లేదు. మొదలు ఒకటే, తోక వేరు. మైదానం పక్కన డప్పులు, ఈలలు, అరుపులు. ఫోనులో తోక వినబడకపోతే రిఫరీకి మిగిలేది 'చెల్...' ఒక్కటే. రెండు ఫలితాలకు రెండు మాటలూ మొదటి అక్షరం నుంచే వేరుగా ఉండాలి.

ఇంకొకటి కూడా చూడాలి. తగాదా తేలాక రెండు సందర్భాల్లోనూ నోరు విప్పి చెప్పాలి. గోల్ అయితేనే చెబుతాం, లేకపోతే ఊరుకుంటాం అంటే కుదరదు. గోల్‌లైన్ టెక్నాలజీ అలాగే పనిచేస్తుంది. బంతి మొత్తం గీత దాటితే క్షణంలో రిఫరీ చేతి వాచీ అదురుతుంది. దాటకపోతే ఏమీ ఉండదు. 2020 జూన్ 17న ఆస్టన్ విల్లా, షెఫీల్డ్ యునైటెడ్ మ్యాచ్‌లో విల్లా గోల్‌కీపర్ బంతిని పట్టుకుని వెనక్కి వెళ్తూ గీత దాటేశాడు. టీవీలో చూసిన అందరికీ తెలుస్తోంది. గోల్‌కీపర్, మరో ఆటగాడు, పోస్టు అడ్డం రావడంతో ఆ గోల్ వైపున్న ఏడు కెమెరాలకూ బంతి కనబడలేదు. వాచీ అదరలేదు. కెమెరాకు కనబడకపోవడం వల్ల వచ్చిన మౌనాన్ని రిఫరీ 'గోల్ కాదు' అని తీసుకున్నాడు. మ్యాచ్ 0-0. ఆ సీజన్ చివర విల్లా ఒకే ఒక్క పాయింటు తేడాతో కింది డివిజన్‌కు పడిపోకుండా బయటపడింది. మౌనం అర్ధాంగీకారం అంటారు కదా, ఇక్కడ దాన్ని పూర్తి తీర్పుగా తీసుకున్నారు. అందుకే ఊరుకోవడం జవాబు కాకూడదంటున్నాను.

ఆమదాలవలస నుంచి, రైల్వేలో పనిచేసి రిటైరైనవారు:

నాయినా, ఇది మాకు ఉద్యోగంలో రోజూ ఉన్న బాధే. రైలు వదిలేముందు స్టేషన్ మాస్టరు గేటుమన్‌కు ఫోను చేసి గేటు వేయమంటాడు. అటునుంచి 'వేశాను' అని వినబడితే చాలదు. గేటు మూసి తాళం వేశాక గేటుమన్ తన దగ్గరున్న షీటులోంచి ఒక ప్రైవేట్ నంబరు చెప్పాలి. స్టేషన్ మాస్టరు దాన్ని రాసుకోవాలి. 'ఆఁ', 'ఊఁ', 'అయిందండీ' లాంటివాటికి అక్కడ విలువ లేదు. ఏ రైలు గురించి అడుగుతున్నామో ఆ సంగతి ముందు చెప్పాలి. విన్నవాడు తిరిగి చెప్పాలి. మీ కుర్రాళ్ళకు నంబర్లు అక్కర్లేదు గానీ, తిరిగి చెప్పించడం మాత్రం మానకండి.

రాజాం నుంచి:

బాబాయ్, సరిగ్గా ఆ పనే అక్కడ తర్వాత చేశారు. డియాజ్ గోల్ గొడవ తర్వాత ఇంగ్లండ్ రిఫరీల సంస్థ పద్ధతి మార్చింది. వీడియో రిఫరీ తనకు తేలిన ఫలితాన్ని ముందు తన పక్కనున్న సహాయకుడికి చెప్పి ఖాయం చేసుకోవాలి, ఆ తర్వాతే మైదానానికి చెప్పాలి. మీరన్న 'ఏ రైలు' అన్నది మాకు 'మైదానంలో ఏమిచ్చారు' అవుతుంది. మొదటి ప్రశ్న అదే కావాలి.

బొబ్బిలి నుంచి, డిగ్రీ విద్యార్థిని:

అన్నయ్యా, నాదొక అనుమానం. ఇలాంటి చోట్ల అందరూ 'వెంట్రుకవాసి తేడా' అని రాస్తున్నారు. ఆఫ్‌సైడ్‌కీ అదే, గోల్‌కీ అదే. రెండుచోట్లా ఆ మాట సరైనదేనా?

రాజాం నుంచి:

మంచిదడిగావమ్మా. గోల్ గీత దగ్గర ఆ మాట బాగానే అతుకుతుంది. 2019 జనవరి 3న మాంచెస్టర్ సిటీ, లివర్‌పూల్ మ్యాచ్‌లో జాన్ స్టోన్స్ గీత మీంచి బంతిని బయటకు తన్నాడు. బంతి పూర్తిగా దాటడానికి ఇంకా 11.7 మిల్లీమీటర్లు ఉందని యంత్రం తేల్చింది. సిటీ ఆ మ్యాచ్ 2-1తో గెలిచింది, ఆ ఏడాది లీగ్‌ను లివర్‌పూల్ కంటే ఒక్క పాయింటు ఎక్కువతో గెలుచుకుంది.

ఆఫ్‌సైడ్ సంగతి వేరు. అక్కడ రెండు విషయాలు తెలియాలి. ఆటగాడు ఎక్కడున్నాడు, సహచరుడు బంతిని ఏ క్షణంలో తన్నాడు. మామూలు టీవీ కెమెరా సెకనుకు 50 బొమ్మలు తీస్తుందనుకో. సెకనుకు 10 మీటర్ల వేగంతో పరిగెత్తేవాడు ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్య 20 సెంటీమీటర్లు కదిలిపోతాడు. తన్నిన క్షణం ఆ రెండు బొమ్మల మధ్య పడితే జానెడు దూరం లెక్కలోంచి జారిపోయినట్టే. అలాంటప్పుడు తెర మీద సన్నని గీత గీసి వెంట్రుకవాసి అనడం ఆ కొలతకు లేని కచ్చితత్వాన్ని ఇవ్వడమే. ఈ లోటు తీర్చడానికే 2022లో ఖతార్ ప్రపంచకప్‌లో బంతి లోపల సెన్సర్ పెట్టారు. అది సెకనుకు 500 సార్లు సమాచారం పంపుతుంది. స్టేడియం కప్పు కింద 12 కెమెరాలు ఒక్కో ఆటగాడి శరీరం మీద 29 బిందువుల దాకా సెకనుకు 50 సార్లు గుర్తించాయి. మొదటి మ్యాచ్‌లోనే, ఆట మొదలైన కాసేపటికే, ఈక్వెడార్ ఆటగాడు వాలెన్సియా చేసిన గోల్ దానివల్లే రద్దయింది. అప్పటి ఆ పద్ధతిలో కూడా యంత్రం నేరుగా రిఫరీకి చెప్పలేదు. వీడియో గదిలో మనిషి చూసి ఖాయం చేశాకే మైదానానికి మాట వెళ్ళింది. మళ్ళీ మాట దగ్గరికే వచ్చాం చూడు.

పలాస నుంచి:

నా సలహా 'గోల్ ఉంది', 'గోల్ లేదు'. ఉంది, లేదు పూర్తిగా వేరు మాటలు కదా, తోక గొడవ ఉండదు. కాకపోతే ఒక తిరకాసు. గోల్, ఉంది కలిపి గబగబా అంటే 'గోలుంది'. గోల ఉంది అన్నా 'గోలుంది' అనే వినబడుతుంది. అవతల నిజంగానే గోలగా ఉంటుంది. "ఏటి, ఏటన్నావు?" అని రిఫరీ అడగాల్సి వస్తుంది. పోనీ 'గోల్ ఇవ్వండి' అంటే?

చీపురుపల్లి నుంచి, తెలుగు మాస్టారు:

'ఇవ్వండి' వద్దు. అది విధి, అంటే ఆజ్ఞ. వీడియో చూసేవాడు రిఫరీకి ఆజ్ఞ ఇవ్వకూడదు. అసలు నియమంలో కూడా చివరి నిర్ణయం రిఫరీదే అని చదివాను. చూసినవాడు చూసింది చెప్పాలి, తీర్పు చెప్పకూడదు. సాక్షి మాట వేరు, న్యాయమూర్తి మాట వేరు. అందుకని నా 'చెల్లదు' కూడా ఇక్కడ వెనక్కి తీసుకుంటున్నాను. అది రిఫరీ నోట రావాల్సిన మాట.

రాజాం నుంచి:

మాస్టారూ, మీరు ఇప్పుడన్నదే నాకు దారి చూపించింది. చూసింది మాత్రమే చెప్పాలంటే గోల్ అన్న మాటే అక్కర్లేదు. బంతి ఎక్కడుందో చెబితే చాలు. 'లోపల', 'బయట'. మొదటి అక్షరం నుంచే వేరు. ఆజ్ఞ కాదు. గోలతో కలిసిపోదు. ఆఫ్‌సైడ్‌కు 'ముందు', 'వెనక'. గోల్‌కీపర్‌తో కలిపి అవతలి జట్టులో చివరి నుంచి రెండోవాడి కంటే, బంతి కంటే ముందున్నాడా, వెనకున్నాడా. ఇవి మా ఊరి కుర్రాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేని మాటలు.

బొబ్బిలి నుంచి, డిగ్రీ విద్యార్థిని:

మా ఇంట్లో 'లోన' అంటారన్నయ్యా. రెండే అక్షరాలు. 'లోన', 'బయట' అంటే ఇంకా బాగుంటుంది. మరి బంతి గీత మీదుంటే ఏమనాలి?

రాజాం నుంచి:

'లోన' ఖాయం తల్లీ. గీత మీదుంటే 'బయట' అనే చెప్పాలి. బంతి మొత్తం, గీత మొత్తం దాటితేనే గోల్. పక్క గీతలకూ అదే సూత్రం, కొంచెం తాకుతున్నా ఆటలో ఉన్నట్టే. 2022 డిసెంబర్ 1న జపాన్, స్పెయిన్ మ్యాచ్ గుర్తుందా? మితోమా గీత దగ్గర బంతిని వెనక్కి తన్నాడు, తనాకా గోల్ చేశాడు. నేల మీద చూస్తే బంతి గీత దాటిపోయినట్టే ఉంది. పైనుంచి చూస్తే బంతి అంచు ఇంకా గీత మీద ఉంది. జపాన్ 2-1తో గెలిచింది, జర్మనీ ఇంటికి వెళ్ళిపోయింది. అందుకే ఫోను సరిగ్గా గీతకు సమంగా పెట్టమని కుర్రాళ్ళకు మరీమరీ చెప్పాను. పక్కకు జరిగిందంటే అది చూపించేది నిజం కాదు.

చీపురుపల్లి నుంచి, తెలుగు మాస్టారు:

లోన, బయట, ముందు, వెనక. గిడుగు రామమూర్తి గారు ఇదే కదా అడిగింది, జనం నోట ఉన్న మాట చదువులోకి, రాతలోకి రావాలని. ఆయన పుట్టింది మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలోనే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం, ధ్యాన్‌చంద్ పుట్టినరోజు కావడం వల్ల అదే రోజు జాతీయ క్రీడా దినోత్సవం కూడా. ఆ రోజు బడిలో రెండూ వేరువేరుగా చేస్తుంటాం. వచ్చే ఏడాది పిల్లలచేత తెలుగు కామెంటరీ చెప్పిస్తాను. నువ్వు వచ్చి నేర్పాలి.

రాజాం నుంచి:

తప్పకుండా వస్తాను మాస్టారూ. 2023 మహిళల ప్రపంచకప్‌లో వీడియో చూసొచ్చిన రిఫరీ స్టేడియం అంతటికీ మైకులో నిర్ణయం చెప్పే పద్ధతి పెట్టారు. మొదటి మ్యాచ్‌లో జపాన్ రిఫరీ యమషితా న్యూజిలాండ్‌కు పెనాల్టీ ఇచ్చినప్పుడు అలాగే చెప్పింది. మన రిఫరీ కూడా మైకులో 'గోల్ చెల్లుతుంది', 'గోల్ చెల్లదు' అని చెబుతాడు. మీ మాట అక్కడ నిలుస్తుంది.

కుర్రాళ్ళకు ఇలా రాసిచ్చాను. వీడియో చూసేవాడు ముందు అడగాలి: "ఏమిచ్చారు?" రిఫరీ చెప్పాలి: "గోల్ ఇవ్వలేదు." చూశాక చెప్పాలి: "బంతి లోన." రిఫరీ తిరిగి అనాలి: "బంతి లోన." చూసినవాడు "అవును" అన్నాకే ఈల. కనబడకపోతే "కనబడలేదు" అని స్పష్టంగా చెప్పాలి, అప్పుడు మైదానంలో ఇచ్చిందే ఉంటుంది. ఇదంతా అయ్యేదాకా బంతి ఎవరూ ముట్టుకోకూడదు.

చేతికి తగలడం మాత్రం ఇందులో పెట్టలేదు. తగిలిందా లేదా అన్నది ఫోను చూపిస్తుంది. తప్పా కాదా అన్నది చెయ్యి ఎలా ఉంది, కావాలని పెట్టాడా అన్నదాని మీద ఉంటుంది. దానికి రిఫరీ స్వయంగా వచ్చి ఫోను చూసుకోవాల్సిందే. పిలవడానికి 'రండి చూడండి' అనే అనుకున్నాం. పలాస అన్నా, హోరులో ఇది వేరేలా వినబడుతుందేమో ఒకసారి అని చూసి చెప్పు.