పూడిక తీశాం, నీరు నిలవడం లేదు. కారుడు ఎక్కడ వెతకాలి?

ప్రశ్న:
చాలా ఏళ్లుగా మూతపడ్డ పడవల కాలువ. శ్రమదానంతో, స్థానిక సంస్థల సాయంతో 400 మీటర్లు శుభ్రమైంది. వెడల్పు 8 మీటర్లు. పొదలు చేత్తో కొట్టాం, పూడిక ఎక్స్‌కవేటర్‌తో తీశాం. మీటరు లోతున నీరు పెడితే రోజుకు 9 సెం.మీ. దిగుతోంది. గట్టు బయటి వైపు తడే లేదు. మొత్తం నీరు ఇంకని షీటు పరచమని కొందరు, బెంటొనైట్ (తడిస్తే ఉబ్బే బంకమన్ను పొడి) చల్లమని కొందరు. పాత లాకు గోడకు దరజులు (ఇటుకల మధ్య సందులు) కూడా పూయాలి. ముందు ఏది?

జవాబు 1:
షీటు సంగతి తర్వాత. మీ లెక్కన రోజుకు 288 ఘనపు మీటర్లు పోతున్నాయి. అందులో ఆవిరయ్యేది ఎంతో తెలియాలంటే నిండు బకెట్‌ను కాలువ నీళ్లలోనే, అంచు పైకి ఉండేలా నిలబెట్టండి. 24 గంటల్లో బకెట్‌లో దిగినంత తీసేస్తే మిగిలిందే కారుడు.

తర్వాత అడ్డుకట్టలతో 100 మీటర్లకో గది చేసి, ఒక్కోదానికి కొలబద్ద పాతండి. దిగుడు ఒక మట్టం దగ్గర ఆగిపోతే బుంగ పక్క గట్టులో ఆ ఎత్తునే ఉంటుంది. ఆగకుండా అడుగంటితే లోపం అడుగులో. గట్టు పొడిగా ఉందంటున్నారు కాబట్టి కాలువ కింద అడ్డంగా పోయే పాత తూము ఉందేమో చూడండి, దాని నోరు పొదల్లో దాగి ఉంటుంది. నీటిని ఒక్కసారిగా దించొద్దు, నానిన గట్టు లోపలికి జారుతుంది.

జవాబు 2:
నా అనుమానం ఎక్స్‌కవేటర్ మీద. ఇలాంటి కాలువల్లో చాలావాటికి అడుగున తొక్కిన బంకమన్ను పొర ఉంటుంది. పళ్లున్న బకెట్ దాన్ని పూడికతో పాటే గీకేస్తుంది. చివరి 20 సెం.మీ. పళ్లులేని బకెట్‌తోనో పారతోనో తీయాలి.

అతుకు వేసేటప్పుడు పాత బంకమన్ను గట్టిగా తగిలేదాకా తవ్వి, అంచులు మెట్లుగా కోయండి. కొత్త మన్ను తడిపి 15 సెం.మీ. పొరలుగా వేసి, పై పొర కింది పొరలోకి దిగేలా తొక్కాలి. మొత్తం మందం 60 నుంచి 90 సెం.మీ. మన్ను పనికొస్తుందో లేదో చూడాలంటే 2.5 సెం.మీ. లావు, 30 సెం.మీ. పొడవు కడ్డీ చేసి ఒక కొస పట్టుకుని వేలాడదీయండి, తెగకూడదు. ఒక్క రోజు ఎండినా నెర్రెలిస్తుంది, తడి గోనెలు కప్పి ఉంచండి.

బెంటొనైట్ ఎండిన అడుగులో కలిపి దిమ్మిస కొడితే పనిచేస్తుంది. నిండు నీళ్లలో చల్లడం దండగ.

జవాబు 3:
లాకు గోడ సున్నంతో కట్టిందైతే సిమెంటు జోలికి పోవద్దు. తేమ దరజుల్లోంచి బయటికి రాలేక ఇటుక ముఖాలు పెచ్చులూడతాయి. దరజు వెడల్పుకు రెట్టింపు లోతు గీకి, తడిపి, నీటిలో గట్టిపడే సున్నం ఒక పాలు, గరుకు ఇసుక మూడు పాళ్లు.

ఇంకొకటి: ల్యాబ్ పరీక్ష కాకుండా పూడికను పొలాలకు ఇవ్వకండి, పాత కాలువల్లో సీసం వంటివి పేరుకుని ఉండొచ్చు. లాకు తలుపులకు గ్రీజు, కలుపు తీత ఎవరి బాధ్యతో సంస్థలతో ఇప్పుడే రాసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
నాలుగు గదులు చేశాం. మూడింటిలో రోజుకు 1 సెం.మీ., వరుసలో మూడో గదిలో 33 సెం.మీ. అక్కడ నీరు అడుగు నుంచి 40 సెం.మీ. ఎత్తున ఆగిపోయింది. సరిగ్గా చెట్టు మొద్దు పెరికిన చోటు. పక్కనే పొదల్లో తూము నోరు, అందులోంచి నీరు.

జవాబు 2:
అయితే వేర్ల దారే. కన్నంలో కాంక్రీటు కుక్కొద్దు, నీరు దాని చుట్టూ దారి చేసుకుంటుంది. కుళ్లిన వేరు తూము దాకా పూర్తిగా తవ్వి తీశాకే మన్ను తొక్కండి. మిగతా మొద్దులను పెరక్కుండా నేలమట్టానికి కోసి వదిలేయండి.