పాఠంలో ఫూ, బార్ అవసరమా? ఫలానా అంటే చాలదా?

నల్లతెర:
నిన్న క్లాసులో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఫంక్షన్ (పేరు పెట్టి, కావాల్సినప్పుడు పిలిచి వాడుకునే కోడ్ ముక్క) చెబుతూ అలవాటుకొద్దీ బోర్డు మీద డెఫ్ ఫూ అని రాసి, బ్రాకెట్లో బార్ పెట్టా. డెఫ్ పైథాన్ సొంత మాట; ఫూ, బార్ మాత్రం ఉదాహరణల్లో ప్రోగ్రామర్లు వాడే ఉత్తుత్తి పేర్లు. తెలుగు మీడియంలో చదివొచ్చిన ఒకమ్మాయి లేచి, "సార్, ఈ ఫూని ఎక్కణ్నుంచి ఇంపోర్ట్ చేసుకోవాలి?" అంది. పక్కనోళ్ల నోట్సు చూస్తే డెఫ్‌తో పాటు ఫూ కింద కూడా గీత! అది ఉత్త పేరేనని నమ్మించడానికి పావుగంట పట్టింది. కొత్తవాళ్లకి ఇవి వాడకూడదనే అంటాను.

బ్రాకెట్ బాబాయ్:
ఉత్త పేరేంటి అబ్బాయ్? రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు గుర్తుపట్టలేనంతగా పాడైనదాన్ని ఫుబార్ అనేవాళ్లు. దాన్ని రెండు ముక్కలు చేస్తే ఇవే.

తోకపిట్ట:
ఫూ అంతకంటే పాతది బాబాయ్. 1930లలోనే బిల్ హోల్మన్ తన 'స్మోకీ స్టోవర్' కామిక్‌లో ఎక్కడపడితే అక్కడ ఫూ అని రాసేవాడు. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ రైలుబొమ్మల క్లబ్బువాళ్లు 1959 నాటి తమ పదకోశంలో 'ఓం మణి పద్మే హుం' అనే బౌద్ధ మంత్రంలోని ఓం తీసేసి ఫూ పెట్టారు! ఫూ పుట్టుక మీద ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల వరసలో ఆర్‌ఎఫ్‌సీ 3092 అని ఏకంగా ఓ పత్రమే ఉంది. వచ్చింది 2001 ఏప్రిల్ 1న, తేదీ గమనించండి.

నల్లతెర:
కథ బావుంది, మరి ఆ అమ్మాయికి ఒరిగేదేంటి? జపాన్‌వాళ్లు హొగె, ఫుగ అంటారు. ఫ్రెంచివాళ్లు తోతో, ఇటలీవాళ్లు పిప్పో. మనకి ఫలానా లేదా?

బ్రాకెట్ బాబాయ్:
ఫలానా మాత్రం మనదా? అరబ్బీ నుంచి వచ్చిందే. మా లెక్కల మాస్టారు "రామయ్య దగ్గర అయిదు మామిడికాయలున్నాయి" అంటే, ఏ రామయ్య అని ఎవడూ అడగలేదు.

తోకపిట్ట:
రామయ్య మనిషని తెలుసు కాబట్టి అడగలేదు. ఫూ మనిషో మామిడికాయో తెలీదు. అలాగని మంచి పేరు పెట్టినా చిక్కే. ఫంక్షన్‌కి 'మొత్తం' అని పెడితే, ఆ పేరు వల్లే కూడుతుందనుకున్న కుర్రాళ్లని చూశాను. నేనైతే ముందు 'మొత్తం' అని రాసి నడిపిస్తా. తర్వాత వాళ్ల కళ్లముందే దాన్ని పిలిచే (వాడుకునే) చోట కూడా పేరు ఫూగా మార్చి మళ్లీ రన్ చేస్తా. 2, 3 ఇస్తే అప్పుడూ 5, ఇప్పుడూ 5. ఫూ పని అక్కడ, మొదటి లైన్లో కాదు.

నల్లతెర:
ఇది నచ్చింది. రేపు ఆ అమ్మాయి చేతే మార్పిస్తా. పైథాన్ 3 తెలుగు లిపిలో పేర్లు కూడా తీసుకుంటుంది కదా, 'పుల్లయ్య' అని పెట్టుకోమంటా.

బ్రాకెట్ బాబాయ్:
ముందు ల్యాబులో తెలుగు కీబోర్డు ఉందో లేదో చూసుకో!